పాలిచ్చే తల్లికి, బిడ్డకు థ్రష్ సోకినప్పుడు

కొన్ని వారాలుగా ఏ ఇబ్బందీ లేకుండా పాలిస్తున్న తల్లికి ఉన్నట్టుండి రెండు చనుమొనల్లోనూ మంట మొదలై, బిడ్డ పాలు తాగి వదిలిన తర్వాత కూడా చాలాసేపు తగ్గకుండా ఉంటే థ్రష్‌ను అనుమానించాలి. ఇది క్యాండిడా అనే ఫంగస్ వల్ల వస్తుంది. ఎందరి నోటిలోనో, చర్మం మీదనో ఏ హానీ చేయకుండా ఉండే ఈ ఫంగస్, తల్లి గానీ బిడ్డ గానీ యాంటీబయాటిక్స్ వాడినప్పుడు, చనుమొనలు చిట్లినప్పుడు, తల్లికి మధుమేహం ఉన్నప్పుడు అదుపు తప్పి పెరుగుతుంది. తల్లి శుభ్రత పాటించకపోవడం వల్లనే వచ్చిందని ఎవరైనా అంటే ఆ మాటను పట్టించుకోనక్కరలేదు.

ముందుగా బిడ్డ నోటిని మంచి వెలుతురులో చూడాలి. నాలుక మీద మాత్రమే పల్చగా తెల్లదనం ఉండి, తడిగుడ్డతో సున్నితంగా తుడవగానే పోతే అది పాల మరక. బుగ్గల లోపల, చిగుళ్ల మీద, అంగిట్లో పెరుగు తరకల్లాంటి మచ్చలుండి, తుడిచినా పోకుంటే థ్రష్ అయ్యే అవకాశం ఎక్కువ. వాటిని గట్టిగా గీకకూడదు. గీకితే కింద ఎర్రగా పుండై రక్తం వస్తుంది. తల్లి చనుమొనలు గులాబీ రంగులో మెరుస్తూ, దురద పెడుతూ, పొట్టు రాలుతూ ఉండవచ్చు.

అయితే చనుమొన నొప్పి అంతా థ్రష్ కాదు. బిడ్డ రొమ్మును సరిగా పట్టుకోకపోవడమే అన్నింటికన్నా సాధారణమైన కారణం. పాలిచ్చిన వెంటనే చనుమొన తెల్లగా పాలిపోయి నొప్పి పుడితే అది రక్తనాళాలు బిగుసుకోవడం వల్ల కావచ్చు. ఒక్క రొమ్ములోనే ఎరుపు, గట్టిదనం, జ్వరం ఉంటే అది రొమ్ము వాపు కావచ్చు. వీటిలో దేనికీ ఫంగస్ మందు పనిచేయదు. అందుకే మందు మొదలుపెట్టక ముందే తల్లినీ బిడ్డనూ కలిపి వైద్యులకు చూపించి, పాలిచ్చే తీరును కూడా గమనించమని అడగడం మంచిది.

థ్రష్ అని తేలితే, ఇద్దరిలో ఒకరికే లక్షణాలున్నా, వైద్యం ఇద్దరికీ ఒకేసారి జరగాలి. ఈ ఒక్క విషయంలో పొరపాటు జరగడం వల్లనే ఎక్కువసార్లు జబ్బు తిరగబెడుతుంది. బిడ్డ నోటి నుంచి తల్లికీ, తల్లి నుంచి బిడ్డకూ అది మళ్లీ మళ్లీ చేరుతూనే ఉంటుంది. బిడ్డకు సాధారణంగా నిస్టాటిన్ చుక్కల మందును రోజుకు నాలుగుసార్లు, పాలు తాగిన తర్వాత, మచ్చలకు అంటేలా నోటిలో వేస్తారు. మోతాదును వైద్యులే నిర్ణయించాలి. మైకోనజోల్ జెల్ బాగా పనిచేస్తుంది కానీ చిక్కగా ఉంటుంది కనుక గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. నాలుగు నెలలు నిండని పసివాళ్లకు వైద్యులు చెప్పకుండా దాన్ని వాడకూడదు. వాడినా శుభ్రమైన వేలితో కొద్దికొద్దిగా, నోటి ముందు భాగంలో మాత్రమే రాయాలి. తల్లి ప్రతిసారీ పాలిచ్చిన తర్వాత 2 శాతం మైకోనజోల్ క్రీమును చనుమొనలకు పల్చగా రాసుకుని, మళ్లీ పాలిచ్చే ముందు పైకి కనిపించే క్రీమును మెల్లగా తుడిచేయాలి. క్రీముతో తగ్గకుంటే వైద్యులు ఫ్లూకోనజోల్ మాత్రలు ఇవ్వవచ్చు. జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు వాడమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. దానివల్ల క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని కెనడా ఆరోగ్య శాఖ 2019లో హెచ్చరించింది.

రెండు మూడు రోజుల్లో ఉపశమనం కనిపించడం మొదలవుతుంది. మచ్చలు పోయాయి కదా అని అప్పుడే మందు ఆపకూడదు. లక్షణాలన్నీ తగ్గిన తర్వాత కూడా కనీసం రెండు రోజులు కొనసాగించాలి. వారం గడిచినా మార్పు లేకుంటే, అసలు అది థ్రషేనా అన్న ప్రశ్నతో వైద్యుల దగ్గరికి తిరిగి వెళ్లాలి. బిడ్డకు డైపర్ కట్టే చోట ఎర్రటి దద్దురు, దాని చుట్టూ చిన్న చిన్న ఎర్రని పొక్కులు ఉంటే ఆ విషయమూ చెప్పాలి, ఎందుకంటే అక్కడ రాయడానికి వేరే క్రీము అవసరమవుతుంది.

పాలివ్వడం మాత్రం ఆపనక్కరలేదు. నొప్పి తక్కువగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టడం, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వడం వల్ల కొంత తేలికవుతుంది. పారాసిటమాల్ పాలిచ్చే తల్లులు వాడదగిన మందే. నొప్పి భరించలేనంతగా ఉంటే పాలను పిండి పట్టవచ్చు. అలా తీసిన పాలను వైద్యం జరుగుతున్న రోజుల్లోనే వాడేయడం మేలు, ఎందుకంటే ఫ్రీజర్‌లో గడ్డకట్టినా ఈ ఫంగస్ చావదు.

పాలు పట్టే ముందూ తర్వాతా, డైపర్ మార్చాక, మందు రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాలపీకలు, సీసాలు, బిడ్డ నోట పెట్టుకునే బొమ్మలను రోజూ మరిగే నీటిలో ఉంచి శుభ్రం చేయాలి. లోదుస్తులు, తువ్వాళ్లు వేడి నీటితో ఉతకాలి. పాలు కారకుండా రొమ్ములకు పెట్టుకునే ప్యాడ్లు తడిస్తే వెంటనే మార్చి చనుమొనలను పొడిగా ఉంచుకోవాలి.

బిడ్డ పాలు తాగడం మానేసినా, మూత్రం తగ్గినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే తెల్లమచ్చలు కనిపించిన రోజే చూపించాలి.