టీవీలో యాప్ తెరుచుకోలేదు, కారణం తేదీ

మా స్మార్ట్ టీవీలో సినిమాల యాప్ నొక్కితే లోగో వచ్చేది, కింద గుండ్రంగా చుక్కలు తిరిగేవి, అంతే. అదే వైఫై మీద అదే ఖాతా ఫోనులో చక్కగా నడుస్తోంది. అంటే నెట్‌లో లోపం లేదు, చందా గడువూ తీరలేదు.

కాష్ (యాప్ దాచుకునే తాత్కాలిక డేటా) తుడిచాను, యాప్ తీసేసి మళ్లీ వేశాను, రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఫలితం లేదు. చివరికి టీవీలోని బ్రౌజర్ తెరిస్తే ఏ సైటుకు వెళ్లినా భద్రతా సర్టిఫికెట్ చెల్లదనే హెచ్చరిక. వెంటనే సెట్టింగ్స్‌లో తేదీ చూశాను. 2015 జనవరి 1! ముందు రోజు రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు గడియారం వెనక్కి వెళ్లిపోయింది.

యాప్ సర్వరుతో మాట కలిపే ముందు ఆ సర్వరు సర్టిఫికెట్, అంటే అది అసలైనదేనని చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రం, చూస్తుంది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. టీవీ లెక్కలో ఇంకా 2015 కాబట్టి ఆ సర్టిఫికెట్ పుట్టనే లేదు, కనెక్షన్ కుదరదు. ఈ నియమం మన భద్రత కోసమే, తప్పుపట్టను. కానీ 'తేదీ సరిచూసుకోండి' అని తెర మీద ఒక్క ముక్క చూపిస్తే ఎంత శ్రమ తప్పేది!

ఆటోమేటిక్ తేదీ ఆన్‌లోనే ఉన్నా మారలేదు. దాన్ని ఆపి తేదీ, సమయం చేత్తో పెట్టి, టైమ్ జోన్ కోల్‌కతా ఎంచుకున్నాను. యాప్ మూసి తెరవగానే బొమ్మ వచ్చింది. తర్వాత ఆటోమేటిక్‌ను మళ్లీ ఆన్ చేశాను. ఇదంతా అయ్యేదాకా టీవీ ప్లగ్ మాత్రం తీయకండి, తేదీ మళ్లీ మొదటికి రావచ్చు.