బ్రిటన్ పాత అడవిలో కోనిఫర్లు తీసే ముందు

ఇంగ్లండ్‌లో 1600 నుంచీ అడవిగా ఉన్న నేలల్లో చాలాచోట్ల గత శతాబ్దంలో కలప కోసం స్ప్రూస్ లాంటి కోనిఫర్లు (సూదుల్లాంటి ఆకులుండే చెట్లు) నాటేశారు. వాటిని తీసి పాత అడవిని మళ్లీ తేవాలంటే ఇవి చూసుకోండి.

- రంపం పట్టకముందే ఏప్రిల్, మేలో ఓసారి తిరిగి చూడండి. సూదాకుల చెత్తలోంచి నాలుగు బ్లూబెల్ పూలో, నాచు పట్టిన ఓక్ మొద్దో కనిపిస్తే రిబ్బన్ కట్టండి, అసలు అడవి మిగిలింది అక్కడే.

- ఒకేసారి నరికేయొద్దు. తొందర అందరికీ ఉంటుంది, కానీ ఎండ ఒక్కసారిగా పడితే బ్రాంబుల్ ముళ్లపొదలు కమ్మేస్తాయి, ఇన్నేళ్లూ నీడలో ఉన్న ఓక్ దెబ్బతింటుంది, మిగిలిన స్ప్రూస్‌లు గాలికి కూలతాయి. ఓక్ చుట్టూ కొన్ని తీసి, కొన్నేళ్లాగి మళ్లీ తీయండి.

- నేల తడిగా ఉంటే యంత్రాలు దింపొద్దు.

- ఫెల్లింగ్ లైసెన్స్ (చెట్లు నరకడానికి అనుమతి) కావాలా చూసుకోండి. మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్లు పెట్టే కాలం, అదీ గుర్తుంచుకోండి.

- జింకలా? మొలకలు మిగలనివ్వవు, కంచె లెక్క ముందే వేసుకోండి.