అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ వీల్ వంకరగా ఉంటే ఎలా సరిచేయాలి?

అలైన్‌మెంట్ చేయించుకుని రోడ్డెక్కారు. బండి తిన్నగానే వెళ్తోంది, స్టీరింగ్ వీల్ మాత్రం ఓ పక్కకి ఒరిగి ఉంది. చాలామంది అలవాటైపోతుందిలే అని వదిలేస్తారు. వదిలేయకండి. డబ్బిచ్చి చేయించిన పని పూర్తి కాలేదనడానికి అదే గుర్తు. అయితే దాన్ని సరిచేయాల్సింది స్టీరింగ్ వీల్ దగ్గర కాదు, బండి కింద, స్టీరింగ్ కదలికని ముందు చక్రాలకి అందించే కడ్డీలైన టై రాడ్ల దగ్గర.

ముందు జబ్బేమిటో తేల్చుకోండి

వాహనాలు లేని, చదునైన రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ స్టీరింగ్ మీద పట్టు ఒక్క క్షణం సడలించండి. చేతులు మాత్రం దగ్గరే ఉంచండి. వీల్ ఒరిగి ఉన్నా బండి తిన్నగా పోతే అది సెంటర్ తప్పిన స్టీరింగ్. బండి ఓ పక్కకి జారుకుంటే అది లాగడం, దాని కారణాలు వేరు: టైర్లలో గాలి ఎక్కువ తక్కువలు, ఒక బ్రేకు పట్టేసి ఉండటం, క్యాంబర్‌, క్యాస్టర్‌ల (చక్రం నిలువుగా ఎంత వాలిందో, అది తిరిగే గీత ముందు వెనకలకి ఎంత వాలిందో చెప్పే కోణాల) తేడా, టైరులోనే లోపం. టైరు మీద అనుమానముంటే ముందువైపు టైర్లు రెండింటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి చూడండి. లాగే దిక్కు మారితే తప్పు టైరుదే. ఒకే దిక్కుకి తిరగాల్సిన టైర్లయితే ఇలా మార్చకూడదు.

నీరు నిలవకుండా రోడ్లను అంచుల వైపు కాస్త వాలుగా వేస్తారు. అందుకే ఒకే రోడ్డు మీద చూసి తీర్పు చెప్పకండి. వాలు లేని చోటు వెతికి, వెళ్తూ ఓసారి, వస్తూ ఓసారి చూడండి. అంతకంటే ముందు నాలుగు టైర్లలో గాలి సరిచేసుకోండి.

ఇలా ఎందుకవుతుంది?

చక్రం ముందంచు లోపలికి తిరిగి ఉందా, బయటికి తిరిగి ఉందా అన్న కొలతని టో అంటారు. రెండు ముందు చక్రాలకీ కలిపి 0.10 డిగ్రీ ఉండాలనుకుందాం. చెరో 0.05 ఉంటే బాగుంది. ఎడమది లోపలికి 0.55, కుడిది బయటికి 0.45 ఉన్నా మొత్తం లెక్క 0.10కే వస్తుంది. కానీ వీల్ మధ్యలో ఉన్నప్పుడు రెండు చక్రాలూ అర డిగ్రీ చొప్పున కుడికి చూస్తుంటాయి. తిన్నగా వెళ్లాలంటే మీరు స్టీరింగ్‌ని ఎడమకి తిప్పి పట్టుకోవాల్సిందే. చక్రం 1 డిగ్రీ తిరగడానికి వీల్ 15 డిగ్రీలు తిరిగే బండిలో ఆ అర డిగ్రీ మీ చేతుల్లో ఏడున్నర డిగ్రీలవుతుంది. కొలిచేటప్పుడు స్టీరింగ్‌ని మధ్యలో బిగించి పట్టే క్లాంప్ పెట్టకపోవడమే చాలాసార్లు దీనికి మూలం.

ఇంకో కారణం వెనక చక్రాలు. అవి బండి మధ్యగీతకి కాస్త పక్కగా చూస్తుంటే బండి ఏటవాలుగా నడుస్తుంది, స్టీరింగ్ ఒరుగుతుంది. వెనకవైపు కొలవకుండా ముందు చక్రాలు మాత్రమే సరిచేస్తే ఇది పట్టుబడదు.

ముందు షాపుకే వెళ్లండి

నా సలహా ఇదే. అలైన్‌మెంట్ రిపోర్టు కాగితం అడిగి తీసుకోండి. ఎడమ టో, కుడి టో విడివిడిగా చూడండి, మొత్తం టో ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. వెనక ఇరుసు దిక్కుని చెప్పే థ్రస్ట్ యాంగిల్ సున్నాకి దగ్గరగా ఉందో లేదో చూడండి. తర్వాత మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఓ చుట్టు తిప్పండి. వీల్ ఒరిగి ఉండటం ఆయన కళ్లతో ఆయన చూస్తే వాదనే ఉండదు. మళ్లీ చేసేటప్పుడు స్టీరింగ్ క్లాంప్ పెట్టమని అడగండి.

ఒక్క పని మాత్రం ఒప్పుకోకండి: వీల్ ఊడదీసి, అది కూర్చునే కడ్డీ పళ్ల మీద ఒక పన్ను పక్కకి జరిపి పెట్టడం. నా బండికి ఓ షాపులో ఇలాగే చేశారు. చూడటానికి తిన్నగా వచ్చింది. తర్వాత ఒక పక్క మలుపులో ఇండికేటర్ ముందే ఆగిపోయేది, యూ టర్న్ ఒక వైపు తేలిగ్గా, మరో వైపు కష్టంగా వచ్చేది. ఆ వీల్ వెనక ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్ అనే చుట్టల పట్టీ ఉంటుంది. దాన్ని మధ్య నుంచి జరిపి బిగిస్తే నిండా తిప్పినప్పుడు తెగిపోవచ్చు. పైగా స్టీరింగ్ ర్యాక్ (వీల్ తిప్పితే పక్కలకి జరిగి టై రాడ్లని కదిపే పళ్ల కడ్డీ) మధ్యలో లేకుండానే బండి తిన్నగా నడుస్తుంది కాబట్టి అసలు తప్పు అలాగే ఉండిపోతుంది.

స్వయంగా చేయాలనుకుంటే

జాకీతో ఎత్తి, స్టాండ్లు పెట్టి పని చేసిన అనుభవం ఉన్నవాళ్లకే ఇది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద చెయ్యి పెట్టకండి, వెనక చక్రాలకి అడ్డు పెట్టండి.

మొదట ర్యాక్ మధ్య ఎక్కడుందో చూడండి. స్టీరింగ్‌ని ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పుతూ చుట్లు లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి రండి. అక్కడ వీల్ తిన్నగా ఉంటే అది సరైన పళ్లలోనే ఉంది, తప్పు టై రాడ్లదే. అక్కడా బాగా ఒరిగి ఉంటే గతంలో ఎవరో వీల్ తీసి తప్పుగా బిగించారు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న వీల్‌ని తీసి సరిచేయడం నిపుణుల పని.

తర్వాత ఎంత ఒరిగిందో కొలవండి. బండి తిన్నగా వెళ్తున్నప్పుడు పక్కన కూర్చున్నవారు వీల్ అంచు మీదా, దానికెదురుగా కదలని చోటా టేపుతో గుర్తులు పెట్టాలి. ఆపాక వీల్‌ని మధ్యకి తెచ్చి, అంచు వెంబడి ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. 38 సెంటీమీటర్ల వెడల్పున్న వీల్ మీద 1 సెంటీమీటర్ అంటే దాదాపు 3 డిగ్రీలు.

ఇప్పుడు అసలు సూత్రం. ఒక టై రాడ్‌ని ఎంత పొడిగిస్తే రెండోదాన్ని సరిగ్గా అంతే కుదించాలి. అలాగైతే మొత్తం టో దాదాపు మారదు, వీల్ మాత్రమే మధ్యకి వస్తుంది. ఏది పొడిగించాలన్నది టై రాడ్లు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అవి చక్రాల ఇరుసు గీతకి వెనక ఉండి, వీల్ కుడికి ఒరిగితే ఎడమ రాడ్‌ని పొడిగించి కుడి రాడ్‌ని కుదించాలి. ఎడమకి ఒరిగితే దీనికి తిరగేసి. రాడ్లు ఇరుసు గీతకి ముందుంటే అన్నీ తలకిందులు. ఈ ఒక్కచోట తొందరపడితే వంకర రెట్టింపవుతుంది, కాబట్టి కిందికి వంగి చూసి కాగితం మీద రాసుకోండి.

థ్రెడ్ల మీద తుప్పు వదిలే స్ప్రే కొట్టి కాసేపు ఆగండి. రెండు రాడ్ల మీదా పెయింటుతో గీత పెట్టండి, చుట్లు లెక్క తప్పవు. టై రాడ్ ఎండ్‌ని ఒక స్పానర్‌తో పట్టుకుని లాక్ నట్ (రాడ్ తిరగకుండా పట్టి ఉంచే నట్) వదులు చేయండి. రాడ్ మీది రబ్బర్ తొడుగు (బూట్) మెలిపడకుండా దాని చిన్న క్లిప్పు జరపండి. రాడ్ ఎండ్‌లోంచి బయటికొస్తే పొడవు పెరిగినట్టు, లోపలికి దిగితే తగ్గినట్టు. థ్రెడ్ వరసల మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు ఉన్న చాలా బండ్లలో రెండువైపులా ఒక పూర్తి చుట్టు తిప్పితే వీల్ సుమారు 10 డిగ్రీలు కదులుతుంది. పావు చుట్టుతో మొదలుపెట్టండి. లాక్ నట్లు బిగించి, చక్రాలు దించి, కాస్త దూరం నడిపి చూడండి. చాలకపోతే మరో పావు.

ముందు ఇరుసు ఒకే కడ్డీలా ఉండే బండ్లలో పని ఇంకా సులువు. అక్కడ డ్రాగ్ లింక్ అనే ఒక్క రాడ్‌ని సరిచేస్తే వీల్ మధ్యకొస్తుంది, టో కదలదు.

అయ్యాక చేయాల్సినవి

లాక్ నట్లని తయారీదారు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. క్లిప్పులు మళ్లీ చోటికి చేర్చండి. ఒకసారి మిషన్ మీద టో చూపించుకోవడం మంచిది, రెండువైపులా సమానంగా తిప్పామనుకున్నది సమానం కాకపోవచ్చు.

స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారకుండా అదుపులో ఉంచే ఏర్పాటు) ఉన్న బండిలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. అది పాత స్థానాన్నే మధ్య అనుకుంటూ ఉంటే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగవచ్చు. కొన్ని బండ్లలో కాసేపు తిన్నగా నడిపితే అదే సర్దుకుంటుంది, చాలావాటిలో స్కానర్ పెట్టి రీసెట్ చేయాలి.

కొన్ని రోజులు నడిపాక లాక్ నట్లు మరోసారి పట్టి చూడండి. మధ్యకి వచ్చిన వీల్ మళ్లీ దానంతటది ఒరగడం మొదలైతే లాక్ నట్ వదులైందో, గుంతలో పడి ఏదైనా వంగిందో అయ్యుంటుంది. కారణం తేలేదాకా ఆ బండిని నడపకండి.