కత్తెర పట్టే ముందు

ముళ్లకిరీటం కొమ్మను తుంచితే కోత మీద తెల్లని పాలచుక్క పూసలా నిలుస్తుంది. చూస్తుండగానే జారి వేలికి అంటుకుంటుంది. ఆ వేలు కంటిదాకా వెళ్లనంతవరకే దాని అందం. చేతితొడుగులు ఉన్నాయన్న ధీమాతో నేను ఒకసారి తొడుగు వెనుకవైపుతోనే నుదుటి చెమట తుడుచుకున్నాను. చెమటతో పాటు పాలూ కంట్లోకి దిగాయి. రెండు రోజులు మంట, మసక.

అప్పటినుంచి ముళ్లకిరీటం లాంటి జెముడు జాతి మొక్కలను కత్తిరించేటప్పుడు నాకు తొడుగుల కంటే కళ్లద్దాలే ముఖ్యం. చెమట తుడుచుకోవడానికి భుజాన విడిగా ఒక తువ్వాలు ఉంటుంది. పాలు కంట్లో పడితే నలపకూడదు. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేసి, ధారగా పడే మంచినీటితో కనీసం 15 నిమిషాలు కడిగి, కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మంట తగ్గింది కదా అని ఊరుకోవద్దు.

గన్నేరు సంగతి వేరు. గన్నేరు, పచ్చగన్నేరు, కుండీల్లో ముద్దుగా పెంచుకునే అడీనియం, ఈ మూడింటిలోనూ గుండె లయను దెబ్బతీసే విషముంది. ముట్టుకుంటే ప్రాణం పోదు, కడుపులోకి వెళితేనే అసలు ముప్పు. అందుకే కత్తిరించేటప్పటి కంటే కత్తిరించాకే భయపడాలి. పచ్చి ఆకు చేదుకు పశువులు సాధారణంగా దూరంగా ఉంటాయి, ఎండిన ఆకు మేతలో కలిస్తే తినేస్తాయి. ఎండినంత మాత్రాన విషం పోదు. కొమ్మలను గోడ అవతల పారేయవద్దు, తగలబెట్టవద్దు. ఆ పొగ కూడా మంచిది కాదు. పచ్చగన్నేరు కాయలు గోళీల్లా పిల్లలను పిలుస్తాయి కనుక రాలినవన్నీ ముందే ఏరేయండి. ఎవరైనా నోట్లో పెట్టుకుంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో ఆకుల అందం కోసం పెంచే డిఫెన్‌బాకియా ఆకు నమిలితే సూదుల్లాంటి స్ఫటికాలు నోటిలో గుచ్చుకుని నాలుక వాస్తుంది. మనీప్లాంటులోనూ అవే ఉన్నాయి, కాకపోతే దాన్ని ఎవరూ అనుమానించరు. ఉమ్మెత్త తాకిన చేయి కంటికి తగిలితే కంటిపాప విప్పారి చూపు మసకబారుతుంది.

ఇక ముళ్లు. గులాబీ, కాగితంపూలు. టెటనస్ టీకా వేయించుకుని ఎన్నాళ్లయిందో చూసుకోండి. ముల్లు గుచ్చుకున్నచోట లేచిన ఎర్రటి బొడిపె వారాలు గడిచినా మానకపోతే, గులాబీలతో పనిచేశానని వైద్యుడికి చెప్పండి. అది ఒక రకం బూజు వల్ల కావచ్చు. మామూలు పుండు మందులు దానికి పనిచేయవు.

ఇన్ని చెప్పానని ఈ మొక్కలను పీకేయక్కర్లేదు. మండుటెండలో అలగకుండా పూసేవి వీటిలోనే ఉన్నాయి.

పని చల్లటి ఉదయం పెట్టుకుంటే చెమట తక్కువ, కంటివైపు చేయి వెళ్లేదీ తక్కువే. మందార, గులాబీ ముందు, పాలు కారేవి చివర. జిగురు ఎండకముందే కత్తెరను సబ్బుతో కడిగి, తుడిచి, స్పిరిట్ రాయండి. తరువాత చేతులు, వాటి తరువాతే ముఖం.