బంతి మన చేతిలో లేనప్పుడు: ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో అడ్డు కాయడం నేర్చుకునే తీరు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్ వైపు, చలికాలం ఆదివారం ఉదయాన పిల్లల ఫుట్‌బాల్ జరిగే మైదానం దగ్గర నిలబడితే తెలుగు మాటలు వినిపించడం ఇప్పుడు మామూలే. "బంతి నువ్వే తీసుకో రా!" అన్న కేక వాటిలో తప్పకుండా ఒకటి. క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి, ఎవరి పరుగులు వారి పేరుకు ఎదురుగా రాసి ఉండే ఆటే మన మనసులో ఆట. మా అబ్బాయి మొదటి సీజన్‌లో నేనూ అలాగే అరిచాను. ఒక ఆదివారం వాడి కాలికి గానీ చేతికి గానీ బంతి సరిగ్గా దొరకనే లేదు, అయినా ఆట ముగిశాక మోకాళ్ల దాకా బురదతో, ముఖం వెలిగిపోతూ వచ్చి, "నాన్నా, నేను వాణ్ణి ఆపడం చూశావా?" అని అడిగాడు. నేను చూడలేదు. బంతినే చూస్తున్నాను. తర్వాత కొన్నేళ్లు శిక్షకులకు సాయంగా ఉంటూ నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నకు జవాబే.

ముందుగా ఒక చిన్న లెక్క వేసి చూడండి. పురుషుల ఆటలో ఒక్కో జట్టు నుంచి 18 మంది చొప్పున 36 మంది మైదానంలో ఉంటారు. ఒక్కో క్వార్టర్ 20 నిమిషాలు, ఆగిన సమయం అదనం. అంటే నికరమైన ఆట 80 నిమిషాలు. బంతి ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలోనే ఉంటుందనుకుని సమంగా పంచినా ఒక్కొక్కరి వాటాకు వచ్చేది రెండు నిమిషాల పైచిలుకు మాత్రమే. బంతి గాల్లో ఉండే కాలం, నేల మీద దొర్లే కాలం తీసేస్తే అదీ మిగలదు. మిగతా సమయమంతా ఆటగాడు బంతి లేకుండానే ఆడాలి. ఆ సమయంలో ఏం చేయాలో తెలియని పిల్లలు బంతి వెంట గుంపుగా పరిగెత్తి అలసిపోతారు. తెలిసిన పిల్లలు సహచరుడికి దారి ఇస్తారు.

ఈ దారి ఇచ్చే పనికి అక్కడి వాళ్లు పెట్టిన పేరు షెపర్డింగ్. గొర్రెల కాపరి అన్న మాట నుంచి వచ్చింది కాబట్టి 'కాపు కాయడం' అంటే మనకు సరిగ్గా అతుకుతుంది. బంతి ఉన్న సహచరుడి మీదికి వస్తున్న ప్రత్యర్థిని మన శరీరంతోనో చేతితోనో అడ్డగించడం, నెట్టడం, భుజంతో తాకడం ఇందులోకి వస్తాయి. బంతి చేతిలో లేని ఆటగాణ్ణి ఇలా అడ్డుకుంటే చాలా ఆటల్లో తప్పవుతుంది. ఇక్కడ మాత్రం అది ఆటలో భాగం, అయితే బంతికి ఐదు మీటర్ల లోపు ఉన్న ప్రత్యర్థినే అలా అడ్డుకోవాలి. అంతకు మించిన దూరంలో ఉన్నవాణ్ణి అడ్డుకుంటే అంపైర్ ఈల వేసి అవతలి జట్టుకు ఫ్రీ కిక్ ఇస్తారు.

ఇంత చిన్న పనికి అంత విలువ ఎందుకంటే, ఈ ఆటలో బంతి పట్టుకున్నవాడికి అన్నిటికన్నా కరువైనది సమయం. బంతిని విసరకూడదు, ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి పంపాలి (దీన్నే హ్యాండ్‌బాల్ అంటారు), లేదా కాలితో తన్నాలి. బంతిని వదిలించుకునే అవకాశం ఉండి కూడా వదలకుండా ప్రత్యర్థికి పట్టుబడితే బంతి అవతలి జట్టుకు పోతుంది. వంగి బంతి తీసుకుని, తల ఎత్తి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి తన్నడానికి ఒక క్షణం కావాలి. ఆఫ్‌సైడ్ నియమం లేని ఆట కనుక వెనక నుంచి, పక్క నుంచి, ఎటు నుంచైనా మనిషి వచ్చి పడవచ్చు. ఆ ఒక్క క్షణాన్ని బంతి పట్టుకున్నవాడు తనంతట తాను సంపాదించుకోలేడు. పక్కవాడు ఇస్తేనే దొరుకుతుంది.

ఇక చేసే విధానానికి వద్దాం. ఎవరిని అడ్డుకోవాలన్నది మొదటి నిర్ణయం. మనకు దగ్గరగా ఉన్న ప్రత్యర్థిని అడ్డుకోవడం పిల్లలు సహజంగా చేసే పొరపాటు. మన సహచరుడిని అందరికన్నా ముందు చేరుకోబోయేది ఎవరో వెతకాలి. తరచూ అతను మన వెనక నుంచి వస్తుంటాడు కాబట్టి, సహచరుడు బంతి కోసం వంగుతున్నాడని తెలియగానే బంతి మీది నుంచి చూపు తిప్పి చుట్టూ ఒకసారి చూసుకోవాలి. అందరూ బంతినే చూస్తున్న వేళ ఒక్కడు చూపు మరల్చుకోవడానికి ఎంతో సాధన కావాలి. నా దృష్టిలో ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే.

రెండోది నిలబడే తీరు. ప్రత్యర్థికీ సహచరుడికీ మధ్య ఉన్న దారిలోకి వెళ్లి, పాదాలను భుజాల వెడల్పు కన్నా కొంచెం ఎడంగా పెట్టాలి. మోకాళ్లు వంచి, నడుమును కిందికి దించి, ప్రత్యర్థికి కాస్త పక్కకు తిరిగి, భుజమూ తుంటీ అతని వైపు ఉండేలా నిలవాలి. నిటారుగా నిలబడినవాణ్ణి తనకన్నా చిన్నవాడైనా పడగొట్టగలడు. మోకాళ్లు వంగినవాణ్ణి కదిలించడం పెద్దవాడికైనా కష్టమే. బరువు మడమల మీద కాకుండా పాదాల ముందు భాగం మీద ఉండాలి. అప్పుడే ప్రత్యర్థి ఎడమకు మళ్లితే మనమూ రెండు చిన్న అడుగులతో ఎడమకు జరగగలం. పెద్ద అడుగు వేస్తే కాళ్లు దూరమై అక్కడే ఇరుక్కుపోతాం, అతను పక్కనుంచి జారుకుంటాడు. తాకిడి తగిలే క్షణంలో ఊపిరి బిగబట్టకుండా వదలాలి.

చేతుల సంగతి విడిగా చెప్పాలి. చేతులు పక్కలకు చాచి శరీరాన్ని వెడల్పుగా చూపించవచ్చు. కానీ వేళ్లు ప్రత్యర్థి జెర్సీ మీద మూసుకోకూడదు. బంతి లేనివాణ్ణి పట్టుకోవడం తప్పు, దానికి వెంటనే ఫ్రీ కిక్ ఇస్తారు. కబడ్డీ ఆడిన పిల్లల దగ్గర ఈ అలవాటు గమనించాను: గీత దాటి వచ్చినవాణ్ణి పట్టి నిలపడమే అక్కడ గెలుపు కాబట్టి వాళ్ల చేతులు పట్టుకోవడానికే ముందుకు పోతాయి. అదే కబడ్డీ నేర్పిన కాళ్ల పని, పక్కవాడి కదలిక కనిపెట్టే గుణం మాత్రం ఇక్కడ బంగారంలా పనికొస్తాయి. సాధనలో చేతులు దారికి రావాలంటే పిల్లలకు రెండు చేతుల్లోనూ ఒక్కో పాత టెన్నిస్ బంతి ఇచ్చి కాపు కాయమనండి. చేతిలో బంతి ఉన్నంతసేపు జెర్సీ పట్టుకోవడం కుదరదు. కొన్ని వారాల్లో భుజమూ తుంటీ ఆ పనిని తమ మీద వేసుకుంటాయి.

తాకిడి ఎక్కడ తగలాలన్న విషయంలో రాజీ ఉండకూడదు. భుజాల కింద, ముందు నుంచి గానీ పక్క నుంచి గానీ తగలాలి. వీపు మీద నెట్టడం తప్పు. మెడకూ తలకూ తగిలేది తప్పే కాక ప్రమాదం. బంతి కోసం తల వంచిన మనిషి మీదికి ఎదురుగా దూసుకుపోవడం ఎంత మాత్రం కూడదు. దెబ్బ తీయడం కాపు కాసే మనిషి పని కాదని, ప్రత్యర్థి దారిని రెండు అడుగులు పొడిగిస్తే చాలునని మొదటి రోజే చెప్పాలి. ఈ తేడా తెలిసిన పిల్లలు గాయపడరు, గాయపరచరు.

నోరు కూడా కాపు కాస్తుంది. వెనక మనిషి ఉంటే "మ్యాన్ ఆన్", ఎవరూ లేకపోతే "టైమ్" అని బంతి పట్టుకున్నవాడికి వినపడేలా అరవాలి. మన పిల్లల్లో మాట మెత్తనివాళ్లు చాలామంది ఉంటారు. ఇంట్లో పెద్దల ముందు గొంతు పెంచవద్దని నేర్పిన మనమే మైదానంలో గట్టిగా అరవడానికి వాళ్లకు అనుమతి ఇవ్వాలి. బంతి పట్టుకున్నవాడికీ ఇందులో పని ఉంది. సహచరుడు అడ్డు నిలిచిన వైపు నుంచి, అతని భుజం పక్కగా పరిగెత్తితేనే ఆ అడ్డు ఉపయోగపడుతుంది. ఎదురు దిక్కుకు మళ్లితే అంత కష్టమూ వృథా. ఒకసారి అడ్డు కాశాక అక్కడే నిలబడి చూడకూడదు. ప్రత్యర్థిని వదిలి, బంతి పట్టుకున్నవాడి పక్కకు పరిగెత్తి, హ్యాండ్‌బాల్ అందుకోవడానికి సిద్ధంగా ఉండాలి, లేదా వెనక వచ్చే రెండోవాణ్ణి ఆపాలి.

ఐదు మీటర్ల లోపే అయినా కాపు కాయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. గాల్లో వస్తున్న బంతిని పట్టే పోటీలో మన దృష్టి బంతి మీద ఉండి మనమూ పట్టడానికి ప్రయత్నిస్తే తగిలే తాకిడిని సహిస్తారు. బంతి వైపు చూడకుండా ప్రత్యర్థిని మాత్రమే అడ్డుకుంటే అది తప్పు. ఆస్ట్రేలియా పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్‌లో విజేతను తేల్చే ఆఖరి ఆట, 2018 గ్రాండ్ ఫైనల్, చివరి నిమిషాల్లో వెస్ట్ కోస్ట్ ఆటగాడు డామ్ షీడ్ బౌండరీ గీత దగ్గర బంతి పట్టి, ఆ ఇరుకైన కోణం నుంచే గోల్ కొట్టాడు. ఆ జట్టు 79-74తో కాలింగ్‌వుడ్ మీద గెలిచింది. షీడ్ బంతి పడుతున్నప్పుడు అతని సహచరుడు విల్లీ రియోలీ కాలింగ్‌వుడ్ రక్షకుడు బ్రేడెన్ మేనార్డ్ దారికి అడ్డు వచ్చాడు, అంపైర్ ఈల వేయలేదు. అది నియమం ప్రకారం ఉందా లేదా అన్న వాదన అభిమానుల్లో ఎన్నడూ తెగలేదు. ఆ దృశ్యాన్ని పిల్లలకు నెమ్మదిగా తిప్పి చూపించి, వాళ్లనే అంపైర్లను చేసి అడగండి. నియమం పుస్తకంలో చదివినదాని కన్నా బాగా తలకెక్కుతుంది. ఆట మొదలుపెట్టడానికి అంపైర్ పైకి వేసిన బంతి కోసం పోటీపడే పొడవాటి ఆటగాళ్లు, అంటే రక్‌మన్‌లు, ఇద్దరూ ఎగిరేటప్పుడు ఎదుటి రక్‌మన్‌ను అడ్డుకోవడం కూడా తప్పే. మన జట్టు తన్నిన బంతి గోల్ గీత వైపు దొర్లుతున్నప్పుడు రక్షకుణ్ణి ఆపవచ్చు గానీ, అక్కడా ఐదు మీటర్ల కొలత వర్తిస్తుంది. తొందరపడితే ఆ గోల్ లెక్కలోకి రాదు.

ఆ కొలత కంటికి అలవాటు కావాలంటే టేపుతో కొలిచి, బంతి చుట్టూ ఐదు మీటర్ల దూరంలో వలయంలా కోన్‌లు పెట్టి, కొన్ని వారాలు ఆ వలయంలోనే సాధన చేయించాలి. ఒకరు మధ్యలో నేల మీది బంతి తీసుకుంటారు, ఒకరు వలయం బయటి నుంచి మీదికి వస్తారు, మూడోవారు కాపు కాస్తారు. బంతి తీసినవారు దూరంగా నిలబడిన నాలుగోవారికి తన్నాలి. మొదట నడకతో, తర్వాత సగం వేగంతో, చివరికి పూర్తి వేగంతో చేయించాలి. పిల్లలందరూ అన్ని పాత్రలూ మారి మారి చేయాలి, ముఖ్యంగా జట్టులో బాగా గోల్స్ కొట్టేవాళ్లు.

కాపు కాయడానికి తోబుట్టువుల్లాంటి పనులు ఇంకా ఉన్నాయి: ప్రత్యర్థి తన్నుతున్న బంతి మీద చేతులు అడ్డం పెట్టడం, పట్టబోతున్న బంతిని పిడికిలితో గుద్ది పక్కకు పంపడం, పట్టుకునే వీలు లేని బంతిని సహచరుడి వైపు తోయడం. వీటన్నిటినీ కలిపి 'వన్ పర్సెంటర్స్' అంటారు. 2010లో గ్రాండ్ ఫైనల్ 68-68తో సమమై, వారం తర్వాత అక్టోబర్ 2న మళ్లీ ఆడినప్పుడు, మొదటి క్వార్టర్‌లో సెయింట్ కిల్డా కెప్టెన్ నిక్ రీవోల్ట్ గోల్ ముంగిట బంతి తన్నబోతుండగా కాలింగ్‌వుడ్ రక్షకుడు హీత్ షా వెనక నుంచి దూకి, అతని కాలి మీదికి చేతులు చాచి బంతిని ఆపేశాడు. కాలింగ్‌వుడ్ ఆ రోజు 56 పాయింట్లతో గెలిచింది. స్కోరుబోర్డు మీద షా చేసిన ఆ పనికి గడి లేదు, కానీ ఆ రోజు గురించి మాట్లాడేవాళ్లు మొదట చెప్పేది దాని గురించే. గోల్ ముందు బంతి ఇవ్వడం కూడా ఈ కోవలోదే. మధ్యలోని రెండు కంబాల నడుమ తన్నే గోల్‌కు ఆరు పాయింట్లు, వాటికీ పక్క కంబాలకూ మధ్య పడితే ఒక్కటే. ఇరుకు కోణం నుంచి తానే తన్నడం కన్నా మధ్యలో ఖాళీగా ఉన్నవాడికి హ్యాండ్‌బాల్ ఇస్తే జట్టుకు లాభం.

చిన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట: అతి చిన్న వయసుల ఆటల్లో శరీరంతో అడ్డుకోవడాన్ని అనుమతించరు. మీ పిల్లల వయసుకు ఏది చెల్లుతుందో క్లబ్‌లో అడిగి తెలుసుకోండి. అప్పటిదాకా కంటి పని, నోటి పని, కాళ్ల పని నేర్పండి.

పెద్ద పిల్లల ఆటకు వెళ్లేటప్పుడు ఒక కాగితం, పెన్ను పట్టుకెళ్లండి. అడ్డు కాసిన ప్రతిసారీ రెండు జెర్సీ నంబర్లు రాయండి: అడ్డు నిలిచినవాడిది, ఆ దారిన బంతి తీసుకెళ్లినవాడిది. ఆట ముగిశాక పిల్లలు నారింజ తొనలు తింటూ కూర్చున్నప్పుడు శిక్షకుడు గోల్స్ లెక్క కన్నా ముందు ఆ జంటలను చదివి వినిపించాలి. మేము అలా చదివిన మొదటి ఆదివారం అందరికన్నా ఎక్కువసార్లు వచ్చిన నంబర్, ఆ రోజు ఒక్క కిక్ కూడా లేని అమ్మాయిది. తర్వాతి వారం ఆమె పక్కన ఆడతామని ముగ్గురు అడిగారు.