భర్తకో భార్యకో ఇష్టం లేనప్పుడు బరువు తగ్గే ఆపరేషన్: ముందే చూసుకోవాల్సినవి

• ఆ "వద్దు" వెనక ఏముందో అడగండి. ప్రాణం మీదికొస్తుందన్న భయమా, ఖర్చా, సన్నబడ్డాక మీరు మారిపోతారన్న అనుమానమా? భయమైతే ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి. అనుమానమైతే రిపోర్టులు చూపించి లాభం లేదు, కౌన్సెలర్ కావాలి.

• దాచిపెట్టి చేయించుకోవద్దు. ఈ ఆపరేషన్లలో ఒకటైన స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75–80 శాతం తీసేస్తారు, తిరిగి పెట్టడం కుదరదు. తర్వాత కొన్ని వారాలు ద్రవాలు, మెత్తటి తిండే. ఒకే ఇంట్లో ఉంటూ ఇది దాగుతుందా?

• ఇంటికొచ్చాక తోడుండే మనిషిని ముందే మాట్లాడుకోండి. కొన్ని వారాలు బరువులెత్తకూడదు. పసిపిల్లలుంటే అసలు చిక్కు ఇదే.

• సిగరెట్ మానేయాలి. విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి.

• ఆపరేషన్ మహిళకైతే గర్భం 12–18 నెలలు వాయిదా వేయమంటారు. బరువు తగ్గేకొద్దీ గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి నేరుగా పేగుకు కలిపే మరో పద్ధతి; గుండె ఆపరేషన్ కాదు) తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు. ఈ విషయం మాత్రం ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే.

• "కాస్త తింటే ఏమవుతుంది" అని బలవంతపెట్టే అలవాటు మీ భర్తకో భార్యకో ఉంటే, డైటీషియన్‌తో వాళ్ల ముందే చెప్పించండి.

• బెదిరింపుల దాకా వస్తే డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలని అడగండి.