పాత పికప్‌కి పాత రంగే అందం

1947–53 షెవ్రొలే 3100 లాంటి పికప్ మీద కంపెనీ రంగు సగమైనా మిగిలి ఉంటే దాన్ని గీకేయకండి. ఇసక కాగితం పెట్టారంటే ఆ రంగు మళ్లీ రాదు. పైగా ఆ కాలం పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

తుప్పు మరకలకు ఆక్సాలిక్ యాసిడ్ (తుప్పును కరిగించే పొడి) చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లకు 15–20 గ్రాములు కలపండి. గ్లౌజులు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. ముందు డోరు లోపలి అంచు మీద పరీక్షించండి, కొన్ని రంగులు వెలిసిపోతాయి. పాత తువ్వాలు అందులో ముంచి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) మీద పరిచి, పైన ప్లాస్టిక్ షీట్ కప్పండి. గంటగంటకీ ఎత్తి చూడండి. గుడ్డ ఆరిందా, పసుపు పొడి అంటుకుని వదలదు. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టాలి. ఆలస్యమైతే రంగు లేని ఇనుము గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది.

పైన క్లియర్ కోట్ (పారదర్శకమైన పెయింట్ పొర) మాత్రం వద్దు. తుప్పు మీద అది గట్టిగా పట్టదు, కింద తేమ చేరి పొరలుగా లేస్తుంది. పేస్ట్ వాక్స్ పలచగా పట్టించండి, అరిగాక మళ్లీ వేసుకోవచ్చు. వాక్స్ బదులు అవిసె నూనె వాడితే ఆ గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటికి దానంతటదే నిప్పంటుకోవచ్చు. విప్పి బయట ఆరేయండి.

అసలు ప్రమాదం కనబడని చోటే ఉంది. క్యాబ్ వెనక మూలల్లో మట్టి పేరుకుని, తడి నిలిచి, తుప్పు రేకును లోపలినుంచి తినేస్తుంది. మట్టి తీసి, బాగా ఆరాక పొడవాటి గొట్టంతో క్యావిటీ వాక్స్ (బోలు భాగాల లోపల చల్లే మైనం) కొట్టండి. నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూయకండి.